సద్దు లేని యూనివర్సిటీ

మా తమ్ముడి కొడుకు ప్రభాకర్ గేటు దాటి నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. వేపచెట్టు కింద ఒక కుక్క పడుకుని ఉంది. స్టాండులో రెండు మూడు స్కూటర్లున్నాయి. పొడవాటి వరండాలో మనిషి అలికిడి లేదు. "ఏందత్తా ఇది, మూసేసినట్టుండాది" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. పక్కనే నిలబడ్డ అతని కూతురు బ్లెస్సీ, అవ్వకు ఏమైనా అయిందేమో అన్నట్టు నా చెయ్యి పట్టుకుంది. ఈ పిల్లకి ఈ యూనివర్సిటీలో కెమిస్ట్రీ సీటు వచ్చింది. చేరాలా వద్దా అన్నది తేల్చుకోవడానికే ఆ పొద్దున ముగ్గురం మైలాపూరులో మా ఇంటి నుంచి బయల్దేరి వచ్చాం. నేను నవ్విందెందుకంటే, ఎన్నో ఏళ్ళ కిందట ఇదే గేటు లోపల, దాదాపు ఇదే చోట, ప్రభాకర్ వాళ్ళ తాత, అంటే మా నాయన కూడా ఇలాగే నిలబడి ఇలాంటి మాటే అన్నాడు. ఆ మాటకి నా చదువు పోవలసింది.

అంతకు ముందు వారం మేం నగరానికి దక్షిణాన ఒక పెద్ద ప్రైవేటు యూనివర్సిటీ చూసి వచ్చాం. అక్కడ సద్దుకు కొదవ లేదు. బ్యాటరీ బండిలో ఎక్కించుకుని తిప్పారు, చల్లటి గదుల్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు, ఎక్కడ చూసినా పిల్లలు, పాటలు, బస్సులు. కోటు వేసుకున్న ఒకమ్మాయి బ్లెస్సీని నీ కల ఏమిటని అడిగి, జవాబు వినకుండానే తర్వాతి భవనం చూపించింది. ప్రభాకర్‌కి అంతా నచ్చింది. పెరంబూరులో ఏసీలు బాగుచేసే చిన్న షాపు అతనిది. ఉన్న ఒక్క బిడ్డకి ఉన్నదంతా పెట్టాలన్నది అతని పట్టుదల, లేనిది బ్యాంకు ఇస్తుందన్నది ధైర్యం. బ్లెస్సీకి మాత్రం సర్కారు సీటు మీద మనసు ఉన్నట్టుంది, పైకి చెప్పదు. మా ఇంట్లో చదువు మాట వస్తే నా దగ్గరికి రావడం రివాజు, నేను చెప్పింది చేయకపోవడం కూడా రివాజే. అందుకే నేను ఏమీ చెప్పకుండా, పదండి చూసొద్దాం అని మాత్రం అన్నాను.

ఆ యూనివర్సిటీ పేరు ఇక్కడ రాయను. రాసినా గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. ఊరి అంచున లోకల్ ట్రైను దిగి కాసేపు నడిస్తే వస్తుంది. సర్కారుది, చిన్నది. నేను చదివిన రోజుల్లో మా డిపార్ట్‌మెంటులో ఒక బెంచీకి సరిపడా మందిమి ఉండేవాళ్ళం, ఇప్పుడు రెండు బెంచీలకు సరిపోతారట. అంతటి చోటు గురించి చెప్పాలంటే ముందు మా ఇంటి గురించి చెప్పాలి, ఎందుకంటే మా ఇంటికీ దానికీ అస్సలు పొంతన లేదు. మాది వ్యాసర్పాడి. రైలు పట్టాలకు ఎంత దగ్గరంటే గూడ్సు బండి పోయేటప్పుడు గూట్లో గిన్నెలు మోగేవి. తెల్లారకముందే కొళాయి దగ్గర బిందెల చప్పుడు, ఆడవాళ్ళ తగవులు, కిరసనాయిలు స్టవ్వు బుసబుస, దాని వెనకే ఆ వాసన. తర్వాత పెరంబూరు వర్క్‌షాపు సైరన్. మా వీధిలో దాన్ని సంగు అనేవాళ్ళం. సంగు ఊదితే నాయన సైకిల్ ఎక్కేవాడు. సాయంత్రం సంగు విని అమ్మ ఎసట్లో బియ్యం పోసేది.

నాయన వర్క్‌షాపులో ఇనుము మీద ఇనుము పడే చోట పనిచేసేవాడు. పగలంతా ఆ మోతలో ఉండి వచ్చి ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడేవాడు. పక్కింటివాళ్ళు కొత్తలో ఆయన అమ్మను తిడుతున్నాడని అనుకున్నారట, నిజానికి ఆయన పచ్చడి అడుగుతున్నాడు. నిశ్శబ్దం ఆయనకి పడదు. ఆదివారం తెలుగు చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక వీధి కాస్త సద్దుమణిగితే చాలు, లేచి రేడియో పెట్టేవాడు. దానికి కారణం ఉంది. నా చిన్నప్పుడు ఒకసారి సమ్మె వచ్చి చాలాకాలం సంగు ఊదలేదు. పొద్దున లేచి చెవులు రిక్కించి పడుకునేవాళ్ళం. నాయన గోడకి ఆనుకుని కూర్చునేవాడు. కొళాయి దగ్గర కూడా ఎవరూ అరుచుకునేవాళ్ళు కారు. గంజి నీళ్ళు తాగి నిద్రపోయిన ఆ రోజుల్లో ఒక సంగతి మా అందరి ఒంట్లోకీ దిగిపోయింది. మోత ఉంటే పని ఉన్నట్టు, పని ఉంటే తిండి ఉన్నట్టు. ఆ సమ్మెలో కొందరు దొంగచాటుగా లోపలికి పోయి పనిచేశారు. నాయన చనిపోయేదాకా వాళ్ళతో మాట్లాడలేదు.

నేను ఇంటర్ పాసై సీటు తెచ్చుకున్నప్పుడు వీధంతా సంతోషించింది, ఏం సీటో ఎక్కడి సీటో ఎవరికీ తెలియకపోయినా. డిగ్రీ నుంచి పైదాకా ఐదేళ్ళ చదువని చెప్తే అమ్మ మాత్రం, అన్నేళ్ళా అని ఒక్క మాట అని ఊరుకుంది. క్లాసులు మొదలయ్యే రోజు నాయన సెలవు పెట్టాడు. ఈస్టరుకు వేసుకునే తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించాడు. ఇద్దరం ట్రైను దిగి నడిచి గేటు దగ్గరికి వచ్చాం. వాచ్‌మన్ కుర్చీ ఖాళీగా ఉంది. లోపలికి పోయి నిలబడ్డాం. ఎక్కడా చప్పుడు లేదు. నాయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ తిరిగి విన్నాడు. ఆయన ముఖం మారిపోయింది. నా భుజం మీద చెయ్యి వేసి, ఆయన జన్మలో మొదటిసారేమో, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"సమ్మె జరగతా ఉండాది పాపా. సద్దే లేదు సూడు. అయ్యవార్లు పని ఆపేసుండారు. ఇట్టాంటప్పుడు మనం లోపలికి పోగూడదు, పద."

గేటు బయటికి వచ్చాక ఒక నిమిషం ఆగి, లోపల లేని ఆ సమ్మెగాళ్ళకి గౌరవంగా తల వంచాడు. నేనేం చెప్పగలను? నాకూ వర్క్‌షాపు తప్ప ఇంకో లోకం తెలియదు. ఇంటికి వచ్చి అయ్యవార్ల సమ్మె అని చెప్తే వీధిలో ఒక్కరు కూడా, అదెట్లా అని అడగలేదు. పైగా పాపం వాళ్ళ పిల్లల గతేమిటో అని ఒకావిడ బాధపడింది. నాయన రోజూ యూనియన్ ఆఫీసుకు పోయి, యూనివర్సిటీ వాళ్ళ సమ్మె తెగిందా అని అడిగి వచ్చేవాడు. వాళ్ళకి తెలియదు, తెలియదని ఒప్పుకోరు, ఇంకా మాటలు నడుస్తున్నాయని చెప్పి పంపేవాళ్ళు.

అట్లా చూస్తుండగానే రోజులు గడిచాయి. అమ్మ ఖాళీగా కూర్చునే మనిషి కాదు, ఇంకొకరిని కూర్చోనిచ్చే మనిషీ కాదు. ఆ సమ్మె ఎప్పటికి తెగేనో, ఈ లోపల టైపు నేర్చుకో అని పెరంబూరులో ఒక టైపింగు ఇన్‌స్టిట్యూట్‌లో మాట్లాడి వచ్చింది. చర్చిలో ఒకాయన ఎవరో, టైపు వస్తే చాలు స్కూలు ఆఫీసులో పెట్టిస్తానన్నాడట. అమ్మ ముఖం వెలిగిపోయింది. నాకు లోపల ఏడుపొచ్చింది. నాకు సీటు వచ్చిందన్న సంగతే అందరూ మెల్లగా మరిచిపోతున్నట్టు, నేను కూడా మరిచిపోవాలన్నట్టు ఉండేది. ఎవరిని తప్పుపట్టాలో కూడా తెలియలేదు, ఎందుకంటే అందరూ నా మంచికే చేస్తున్నారు.

ఒక శనివారం మధ్యాహ్నం అమ్మ ఎండు నెత్తళ్ళ పులుసు పెడుతోంది. ఆ వాసన వీధి చివరిదాకా పోతుంది. అప్పుడు వాకిట్లో ఒకావిడ వచ్చి నిలబడింది. నూలు చీర, చేతిలో గొడుగు, చెమటతో నిండిన ముఖం. ఆమె వెనక మా వీధిలో సగం మంది ఉన్నారు. "సుగుణా వీడు ఇదుదానా?" అని అరవంలో అడిగింది, సుగుణ ఇల్లు ఇదేనా అని. ఆవిడే తంగం మేడమ్, మా కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటు పెద్ద. నా సీటు కోసం ఇంటర్వ్యూ చేసినప్పుడు ఒక్కసారి చూశాను ఆమెను. అమ్మ పులుసు గిన్నె మీద మూత పెట్టి, దాని మీద పళ్ళెం పెట్టి, ఆ పైన ఇంకేదైనా పెట్టాలా అని వెతుకుతోంది. మేడమ్ అది చూసి, మా ల్యాబులో రోజూ ఇంతకంటే ఘోరమైన వాసనలు పీలుస్తాను, మూత తీయమని చెప్పి, కింద చాప మీద కూర్చుంది. నీళ్ళు అడిగి తాగింది. పిల్ల ఎందుకు రాలేదు, పెళ్ళి గిళ్ళి చేసేశారా అని అడిగింది.

నాయన చేతులు కట్టుకుని నిలబడి, సమ్మె తెగాక పంపుదామని ఉన్నామన్నాడు. ఏ సమ్మె అని ఆమె. మీదే అని ఈయన. ఈయన పూసగుచ్చినట్టు అంతా చెప్పాడు. చప్పుడు లేకపోవడం, తాను విని తెలుసుకోవడం, గౌరవించి వెనక్కి రావడం. మేడమ్ నవ్వుతుందని నేను భయపడ్డాను. నవ్వలేదు. మా కోసం అంతదూరం వచ్చి వెనక్కి పోయిన మొదటి మనిషివి నువ్వే అంది. ఆ పొద్దున అందరూ వెనక ఉన్న ల్యాబులో ఉన్నారనీ, ఆ పని మాట్లాడుతూ చేసేది కాదనీ చెప్పింది. నాయనకు సిగ్గేసింది, కానీ ఆయన్ని వదలని సందేహం ఒకటుంది. ఇంతమంది పిల్లల్లో మా పాప రాలేదని మీకెట్లా తెలిసిందని అడిగాడు. ఆమె చెప్పిన జవాబు అరవంలో మూడు ముక్కలు. స్టూలు ఖాళీగా ఉందయ్యా అంది.

సోమవారం నాయన నాతో మళ్ళీ వచ్చాడు. ఈసారి ల్యాబు గుమ్మం దాకా వచ్చాడు. లోపల నా స్టూలు ఒక్కటి తప్ప అన్నిటి మీదా పిల్లలు కూర్చుని, గాజు గొట్టాల ముందు వంగి, చుక్క చుక్కగా ఏదో వదులుతూ, రంగు మారేదాకా ఊపిరి బిగబట్టి ఉన్నారు. నాయన చెప్పులు విడిచి చాలాసేపు చూశాడు. "ఇంత నిమ్మళంగా గూడా పని జరగతాదా?" అని నా చెవిలో అన్నాడు. అనడం అయితే చెవిలోనే అన్నాడు గానీ గది అంతా వినపడింది, అందరూ తిరిగి చూశారు. ఆ రోజు నుంచి ఇంట్లో నేను పుస్తకం పడితే రేడియో ఆపేసేవాడు. ఆయనకి అది ఎంత కష్టమో అమ్మకి తెలుసు, నాకు తెలుసు.

ఆ ల్యాబులో లేనివి చెప్పాలంటే పొద్దుపోతుంది. ఫ్యాను తిరిగితే కరెంటు పోయేది, కరెంటు ఉంటే గ్యాసు వచ్చేది కాదు. మంచి త్రాసు ఒక్కటే. దాని చుట్టూ మేడమ్ ఒక పద్ధతి పెట్టింది. ఒకరు తూస్తే ఇంకొకరు పక్కన నిలబడి చూడాలి, ఇద్దరూ ఒకే అంకె పైకి చెప్పాలి, అప్పుడే రాసుకోవాలి. ఇద్దరి మాటా కలవకపోతే మళ్ళీ మొదటి నుంచి. పెద్ద కాలేజీల్లో తలకొక త్రాసు ఉంటుందని విని అసూయపడేవాళ్ళం. తర్వాత నేను సర్కారు నీళ్ళ పరీక్షల ల్యాబులో ఉద్యోగంలో చేరి, అక్కడే రిటైరయ్యాను. పక్కన ఇంకొకరు చూడకుండా ఏ అంకె మీదా సంతకం పెట్టలేదు. కొత్తగా చేరినవాళ్ళు నన్ను వెనకనుంచి ఆటపట్టించేవాళ్ళు. ఆటపట్టించినవాళ్ళే తర్వాత, మేడమ్ ఒకసారి చూడండి అని పిలిచేవాళ్ళు.

సాయంత్రం ఇంటికి వస్తే దండెం మీద రెండు రకాల వాసనలు ఉండేవి. నాయన ఖాకీ బట్టల మీద మిషను ఆయిలు, నా ఓణీ మీద కుళ్ళిన కోడిగుడ్డు లాంటి ల్యాబు గ్యాసు. అమ్మ రెంటినీ ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఇద్దరూ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్నారని సణుగుతూ బయటే సబ్బునీళ్ళలో నానబెట్టేది. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో గర్వం ఉండేదని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. మా తమ్ముడు రత్నం అప్పటికి టెన్త్. వాడికీ చదువు వచ్చేది, నాకంటే లెక్కలు బాగా చేసేవాడు. కానీ ఒక ఇంట్లో నుంచి ఇద్దరు ఒకేసారి సంపాదించకుండా ఉండడం కుదరని కాలం. వాడు టెన్త్ అవగానే వర్క్‌షాపులో అప్రెంటిసుగా చేరిపోయాడు. ఎవరూ వాడిని అడగలేదు, వాడూ ఎవరినీ అడగలేదు. ఆ తర్వాత దండెం మీద ఖాకీ జతలు రెండయ్యాయి. నా చదువుకి ఎంతైందని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ రెండో జత. సర్కారు మా దగ్గర తీసుకున్న ఫీజు గుర్తు కూడా లేదు.

ఇంకా కొన్ని పోయాయి. ఏ ఇంటర్వ్యూకి పోయినా, అది ఎక్కడుంది, అట్లాంటి యూనివర్సిటీ ఉందా అనేవాళ్ళు. పేరున్న కాలేజీల నుంచి వచ్చినవాళ్ళు ఒకరినొకరు గుర్తుపట్టి భుజాలు తట్టుకునేవాళ్ళు, ప్రమోషన్లప్పుడు కూడా ఆ తట్టుకోవడం పనికొచ్చేది. నన్ను తట్టేవాళ్ళు లేరు, మా బెంచీ మొత్తం తలా ఒక ఊరు పోయింది. కోపం వచ్చేది, ఇప్పటికీ కాస్త ఉంది. కానీ రత్నం మాత్రం నా చదువుని ఊరికే పోనివ్వలేదు. వాడు వర్క్‌షాపులో ఎవరు నీళ్ళ మాట ఎత్తినా, మా అక్క చెప్పింది అని మొదలుపెట్టేవాడు. నేను చెప్పినవీ చెప్పేవాడు, చెప్పనివీ చెప్పేవాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా అరుగు మీద సీసాలు వరసగా ఉండేవి, ఒకరి బావి నీళ్ళు, ఒకరి బోరు నీళ్ళు, ఒకరి లారీ నీళ్ళు. నేను ఇంట్లోనే చేతనైన పరీక్షలు చేసి, ఇది తాగొద్దు, ఇది కాచి తాగండి అని చెప్పేదాన్ని. రత్నం పక్కన నిలబడి రంగు మారడం తను కూడా చూసి, అప్పుడే సరే అనేవాడు. మేడమ్ పద్ధతి వాడికి నేనే నేర్పాను. వాడు పోయి ఏడాదవుతోంది. ఆ అరుగు మీద వాడు నిలబడిన చోటు నాకు కళ్ళకి కట్టినట్టుంది.

ఇవన్నీ ఆ రోజు వేపచెట్టు కింద కూర్చుని బ్లెస్సీకి చెప్పాను. దాచుకోకుండా రెండు వైపులా చెప్పాను. ఇక్కడ చదివితే లోకం నిన్ను గుర్తుపట్టడానికి ఆలస్యమవుతుంది, కొన్నిసార్లు అసలే గుర్తుపట్టదు, అది చిన్న నష్టమేం కాదన్నాను. తంగం మేడమ్ ఇప్పుడు లేదు, అట్లాంటివాళ్ళు ఉన్నారో లేదో నేను హామీ ఇవ్వలేను అని కూడా అన్నాను. ప్రభాకర్ వినీ విననట్టు ఫోను చూసుకుంటున్నాడు. వాళ్ళ నాన్న రత్నం ఖాకీ జత మాట వచ్చినప్పుడు మాత్రం ఫోను జేబులో పెట్టాడు. తర్వాత ముగ్గురం వరండా వెంట నడిచి ల్యాబు దాకా పోయాం. త్రాసులు ఇప్పుడు చాలా ఉన్నాయి, స్టూళ్ళు అవే. పిల్లలు పనిలో ఉన్నారు, ఎవరూ తలెత్తలేదు. బ్లెస్సీ గుమ్మంలో చెప్పులు విడిచింది, ఎవరూ విడవమనకపోయినా. తిరుగు ట్రైనులో, "నాన్నా, నేను ఈడే చేరతా" అంది. ప్రభాకర్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "సరి, నీ ఇష్టం" అన్నాడు. ఇష్టం లేదని ఆ గొంతులోనే తెలిసింది. బిడ్డకు తక్కువ చేస్తున్నానన్న దిగులు అతనిది. దానికి నా దగ్గర మందు లేదు.

అతను ఆ దిగులుతోనే ఆమెను చేర్పించాడు. చర్చిలో ఎవరైనా అడిగితే కాలేజీ అని ఊరుకునేవాడు, పేరు చెప్పేవాడు కాదు. వానలు మొదలయ్యాయి. ఒక రోజు వ్యాసర్పాడిలో రైలు పట్టాల కింద పోయే సబ్‌వే నీళ్ళతో నిండిపోయింది, ప్రభాకర్ వాళ్ళ వీధిలో మోకాళ్ళ దాకా నీళ్ళు. సెలవు ప్రకటించలేదు గానీ బ్లెస్సీ పోలేకపోయింది. నేను మైలాపూరులో కిటికీ రెక్కలు మూసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం ప్రభాకర్ ఫోను చేశాడు. ఇంట్లోకి నీళ్ళు వచ్చాయా అని ముందు అడిగాను. గడప దాకానే వచ్చాయట, అందరూ బాగానే ఉన్నారట. ఇంకేదో చెప్పడానికి చేశాడని తెలుస్తోంది, కానీ చెప్పలేక వాన గురించి మాట్లాడుతున్నాడు.

"అత్తా, యూనివర్సిటీ నుంచి ఎవురో సారు ఫోన్ చేసినాడు. బ్లెస్సీ రాలేదే, ఇంట్లోకి నీళ్ళొచ్చినాయా, ఏమన్నా కావాల్నా అని అడగతా ఉండాడు. నిజంగానే అడిగినాడు అత్తా" అన్నాడు. మళ్ళీ, "ఈ పిల్ల రాలేదని ఆయనకెట్టా తెలిసిందత్తా?" అన్నాడు.

ఆ గొంతు అచ్చం మా నాయనది.

"స్టూలు ఖాళీగా ఉండుంటాది నాయనా" అన్నాను.